నాలుగో స్టాప్, పసుపు రంగు ఇల్లు

సియాటిల్ పక్కనున్న రెడ్‌మండ్‌లో మా అపార్ట్‌మెంట్ల దగ్గర వాకింగ్‌కు వచ్చే పిల్లలు ఇద్దరు మొన్న నన్ను ఆపారు. లేఆఫ్‌లో ఉద్యోగం పోయి, గ్రీన్ కార్డు మాత్రం మిగిలినవాళ్ళు. "అంకుల్, మీరు చేసిన టూర్ గైడ్ జాబ్ మేం ట్రై చేయొచ్చా? ప్రిపేర్ అవ్వాలంటే ఏం చదవాలి?" అని అడిగారు. చదవడానికి ఏమీ లేదని చెప్పాను. నమ్మలేదు. సిలబస్ లేని పని అంటే మన పిల్లలకు అనుమానం. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

పదమూడేళ్ళు నేను సియాటిల్ వీధుల్లో జనాన్ని నడిపించాను. ఒక పేరుమోసిన రాక్ బ్యాండు, ఆ పేరు రాకముందు తిరిగిన చోట్లు చూపించడం మా టూర్. రెండున్నర గంటలు, తొమ్మిది స్టాపులు, ఒక గుట్ట. బ్యాండు పేరు ఇక్కడ రాయను. వాళ్ళ లాయర్ల నుంచి మా కంపెనీకి ఒకసారి ఉత్తరం వచ్చింది. ఆ తర్వాత మా కరపత్రంలో కూడా "మీకు తెలిసిన ఆ బ్యాండు" అనే వేసుకున్నాం. తెలిసినవాళ్ళు వచ్చేవారు. తెలియనివాళ్ళు, తెలిసినవాళ్ళను పెళ్ళి చేసుకున్న పాపానికి వచ్చేవారు.

అంతకుముందు విజయవాడలో ఒక దినపత్రిక డెస్కులో పద్దెనిమిదేళ్ళు సబ్ ఎడిటర్‌ని. మా ఆవిడ సుజాతకు ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తే డిపెండెంట్ వీసా మీద వెంట వచ్చాను. పనిచేసే అనుమతి వచ్చేదాకా కొన్నేళ్ళు ఇంట్లో వంకాయలు తరిగాను. అనుమతి వచ్చాక చూసుకుంటే నా చేతిలో ఉన్న విద్యలు రెండే. ఇతరుల తెలుగు దిద్దడం ఒకటి, విన్న విషయాన్ని అందరికీ అర్థమయ్యేలా చెప్పడం రెండోది. మొదటిదానికి సియాటిల్‌లో గిరాకీ లేదు.

రాక్ సంగీతం గురించి నాకేమీ తెలియదని ఇంటర్వ్యూలోనే చెప్పాను. కంపెనీ యజమాని గ్రెగ్ సంతోషించాడు. "తెలిసినవాడిని పెట్టుకుంటే గిటారు తీగల గురించి చెబుతాడు. నాకు కథ చెప్పేవాడు కావాలి" అన్నాడు.

లేని చోట్లు చూపించడం

మొదట తెలుసుకోవాల్సింది ఇది: మీరు చూపించబోయే చోట్లు ఉండవు. బ్యాండు మొదటిసారి పాడిన క్లబ్బు ఇప్పుడు బ్యాంకు. గిటార్లు అరువు తెచ్చుకున్న దుకాణంలో ఇప్పుడు యోగా నేర్పుతున్నారు. వ్యాన్‌లో పడుకున్న చోటు అప్పుడూ పార్కింగ్ లాటే, ఇప్పుడూ పార్కింగ్ లాటే. మా తొమ్మిది స్టాపుల్లో మార్పు లేనిది అదొక్కటే. అందుకే జనం అక్కడ ఎక్కువ కదిలిపోయేవారు. ఖాళీ పార్కింగ్ లాటు ముందు ఒక మనిషి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడంటే మీకు పని వచ్చినట్టే.

చేరిన కొత్తలో ఒక బ్రెజిల్ పెద్దమనిషి, నేను చూపించిన గోడకు నుదురు ఆనించి రెండు నిమిషాలు నిలబడ్డాడు. బ్యాండు రికార్డింగ్ చేసింది ఆ గోడ వెనకాలే అని చెప్పాను మరి. ఆయన నుదురు తీసేలోపు నాకు గుర్తొచ్చింది, రికార్డింగ్ జరిగింది అవతలి భవనంలో. ఇది మొదటి నుంచీ పళ్ళ డాక్టరుదే. ఆయనకు చెప్పాలా వద్దా అని ఆలోచిస్తుండగానే ఆయన నన్ను కౌగిలించుకున్నాడు. చెప్పలేదు. ఆ తప్పు ఇప్పటికీ నాకు నచ్చుతుంది. ఎవరికీ నష్టం లేదు, డాక్టరు గోడకు కాస్త గౌరవం దక్కింది.

ఇక ప్రతి గుంపులోనూ మీకంటే ఎక్కువ తెలిసిన మగవాడు ఒకడుంటాడు. ఎక్కువగా ముప్ఫై దాటినవాడు, నల్ల టీషర్టు. అతనితో పోటీ పడకండి. రెండో స్టాపు దగ్గర మీరే అతన్ని ఒక ప్రశ్న అడగండి. జవాబు చెప్పి పెద్దరికం వచ్చాక, మిగతా ఏడు స్టాపులూ మీ తరఫున గుంపును అతనే అదుపులో పెడతాడు.

మూడోది, నిలబడే తీరు. గైడ్ ఎప్పుడూ జనం వైపు చూస్తాడు. అంటే చూపించే వస్తువుకు వీపు పెట్టి నిలబడతాడు. నడిచేటప్పుడు కూడా సగం దూరం వెనక్కే నడుస్తాడు. నెల రోజుల్లో అలవాటైపోతుంది. ఆ అలవాటు వల్లే నేను ఈ వృత్తిలో అన్నిటికంటే పెద్ద తప్పు ఆరేళ్ళపాటు చేశాను.

నేను పదును పెట్టిన కథ

నాలుగో స్టాపు గుట్ట సగంలో ఉంటుంది. బ్యాండు కుర్రవాళ్ళు అద్దెకున్న ఇల్లు, అందులో వాళ్ళు సాధన చేసిన బేస్‌మెంటు. దాని పక్కన పసుపు రంగు ఇల్లు, ముందు చిన్న వరండా. గ్రెగ్ ఇచ్చిన స్క్రిప్టులో ఆ ఇంటి గురించి ఉన్నది ఒక్క వాక్యం: "గోల భరించలేక పక్కింటావిడ ఒకసారి పోలీసులను పిలిచింది."

డెస్కులో పద్దెనిమిదేళ్ళు చేసినవాడికి చప్పిడి వాక్యం కనబడితే చెయ్యి ఊరుకోదు. మొదట ఆవిడ జుట్టుకు, ఉంగరాలు తిప్పే రోలర్లు పెట్టాను. తర్వాత చేతికి చీపురు ఇచ్చాను. ఒక పిల్లిని పెంచాను. పోలీసులు వచ్చింది అర్ధరాత్రి అన్నాను. "ప్రపంచమంతా విన్న సంగీతాన్ని ఈ భూమ్మీద ఆపాలని చూసిన ఏకైక మనిషి ఈ ఇంట్లో ఉండేది" అని ఆ ఇంటి వైపు వెనక్కి చెయ్యి చూపించి, "ఒకటి, రెండు, మూడు" అనేవాడిని. ఇరవైమంది ఒక్క గొంతుతో, గేలి చేస్తూ 'బూ' అని అరిచేవారు. నవ్వుకుంటూ మిగతా గుట్ట ఎక్కేసేవారు.

రోజుకు ఒక టూరు, శనివారం రెండు. మిగతా గైడ్లు ఇద్దరూ నా దగ్గరే నేర్చుకున్నారు. టూర్ల వెబ్‌సైట్లలో జనం ఆ అరుపు గురించే రాసేవారు. ఆవిడ ఎప్పుడో ఇల్లు ఖాళీ చేసి ఉంటుందనుకున్నాను. అనుకున్నాను, అంతే. కనుక్కోలేదు.

విజయవాడలో మా న్యూస్ ఎడిటర్ శేషగిరిరావు గారని ఉండేవారు. ఏ ఆరోపణ వార్త తీసుకెళ్ళినా ఆయన చదవకముందే ఒక మాట అడిగేవారు: "అవతలివాళ్ళు ఏమన్నారు?" లేదంటే కాపీ టేబుల్ మీద నుంచి కిందకు జారేది. పంచాయతీ బోరు పాడైందన్న వార్తకు కూడా సర్పంచి వివరణ లేకుండా పేజీలో పెట్టనిచ్చేవారు కాదు. ఆయన చేతి కింద పెరిగినవాడిని, ఒక ఇంటి గడప ముందు నిలబడి ఆ ఇంటావిడ మీద వన్ సైడ్ వార్త ఆరేళ్ళు నడిపాను.

జంతికల పొట్లం

తెలుగు కుటుంబాలకు అడిగితే విడిగా తెలుగులో టూర్ చేసేవాడిని. ఇండియా నుంచి వచ్చిన అత్తమామలకు జలపాతాలూ, విమానాల ఫ్యాక్టరీ చూపించడం అయిపోయాక మా దగ్గరకు తీసుకొచ్చేవారు. అలా ఒక రోజు కిరణ్, స్వప్న అనే దంపతులు, వాళ్ళ పన్నెండేళ్ళ అమ్మాయి అనిక వచ్చారు. స్వప్న వాళ్ళమ్మ రాజ్యలక్ష్మి గారు కూడా ఉన్నారు. గుంటూరులో నర్సుగా చేసి రిటైరయ్యారు. చీర మీద అల్లుడి జాకెట్టు, కాళ్ళకు మనవరాలి బూట్లు, భుజానికి పెద్ద సంచీ.

నాలుగో స్టాపుకు చేరేసరికి మధ్యాహ్నం రెండు. మామూలుగానే కథ చెప్పాను. ఒకటి, రెండు, మూడు. కిరణ్, స్వప్న, అనిక అరిచారు. రాజ్యలక్ష్మి గారు అరవలేదు.

"అమ్మా, నువ్వూ అనవే. ఫన్‌గా ఉంటుంది" అంది స్వప్న.

"ఎవర్ని?"

"ఎవర్నీ కాదు అత్తయ్యా, ఊరికే. ఓల్డ్ స్టోరీ కదా, ఇప్పుడు అక్కడ ఎవరూ ఉండరు" అన్నాడు కిరణ్.

"ఎవరూ లేకపోతే ఆ కర్టెన్ ఎందుకు కదిలింది?"

"అవును, ఎవరో ఉంది అక్కడ" అంది అనిక. "అమ్మమ్మా, ఓల్డ్ లేడీ. మనల్ని చూస్తుంది."

నేను వెనక్కి తిరిగాను. ఆ స్టాపు దగ్గర అటు తిరిగి నిలబడటం ఆరేళ్ళలో అదే మొదటిసారి. కిటికీ తెర అప్పుడే సర్దుకుంటోంది.

"గైడ్ గారూ, ఆవిడ ఏం ఉద్యోగం చేసేది?" అని అడిగారు రాజ్యలక్ష్మి గారు.

"తెలీదండీ."

"పోలీసుల్ని ఎందుకు పిలిచిందో?"

"గోల అని."

"అది మీరు చెప్పారు. ఆవిడ ఏం చెప్పింది?"

రాజ్యలక్ష్మి గారు అప్పటికే సంచీలో వెతుకుతున్నారు. జిప్‌లాక్ కవరులో జంతికలు బయటకు తీశారు.

"అమ్మా, ఆగు. ఇక్కడ అలా వెళ్ళకూడదు. ప్రైవేట్ ప్రాపర్టీ" అంది స్వప్న.

"తలుపు లోపలిది కదే ప్రైవేటు. నేను బయటే నిలబడతాను. అరిచినప్పుడు లేని ప్రైవేటు ఇప్పుడొచ్చిందా?"

"మరి ఆ జంతికలెందుకు అత్తయ్యా?"

"వట్టి చేతుల్తో ఎలా వెళ్తాం బాబూ?" అని మెట్లెక్కి బెల్లు కొట్టారు.

తలుపు తీసిన మనిషికి ఎనభై ఉంటాయి. సన్నగా, నిటారుగా ఉంది. పేరు లొరైన్ అని తర్వాత తెలిసింది. రాజ్యలక్ష్మి గారు తెలుగులో మాట్లాడారు, అనిక ఇంగ్లీషు చేసింది. అమ్మమ్మ సారీ చెబుతోందనీ, అరిచింది తాను కాదు కానీ తన వాళ్ళేననీ, ఇవి ఇంట్లో చేసినవనీ. లొరైన్ ఒక జంతిక తీసుకుని కొరికింది. "నా పళ్ళు నావి కావు. ఇలాంటివి నేను తినకూడదు" అని రెండోది తీసుకుంది.

తర్వాత మెట్ల కిందున్న నన్ను చూసింది.

"ఒకటి, రెండు, మూడు నువ్వే కదా. గొంతు గుర్తుపట్టాను. నాకు ఎప్పుడూ రోలర్లు లేవు. పిల్లులంటే తుమ్ములొస్తాయి."

క్షమాపణ చెప్పాను. ఆవిడ చెయ్యి ఊపేసింది, వద్దన్నట్టు.

"నాకు క్షమాపణ అక్కర్లేదు, వరండా కావాలి. ఈ ఇంట్లో ఎండ ఒంటి గంట నుంచి మూడు దాకా ఇక్కడికే వస్తుంది. ఈ ఊళ్ళో ఎండ ఎన్నాళ్ళకు వస్తుందో నీకు తెలుసు. వచ్చిన రోజున కుర్చీ వేసుకుంటే రెండింటికి మీరొస్తారు. ఆరేళ్ళ నుంచి ఎండను కిటికీలోంచి చూస్తున్నాను."

గుట్ట ఎక్కేటప్పుడు ఆ రోజు ఎవరూ నవ్వలేదు. రాజ్యలక్ష్మి గారు మాత్రం, "మనిషి మంచిదే, జంతికలు నచ్చాయి" అని ఒకటికి రెండుసార్లు అన్నారు.

అవతలి పక్షం

మర్నాడు నోటుబుక్కు పట్టుకుని వెళ్ళాను. ఆరేళ్ళు ఆలస్యంగా వివరణ తీసుకున్నాను.

లొరైన్ ఒక బేకరీలో రొట్టెలు చేసేది. రాత్రి పన్నెండుకు డ్యూటీ ఎక్కి పొద్దున ఎనిమిదికి దిగేది. పగలు పడుకోవాలి. పక్కింటి కుర్రవాళ్ళు డ్రమ్ములు కొట్టింది అర్ధరాత్రి కాదు, మధ్యాహ్నం. డ్రమ్ముల కుర్రవాడు మాత్రం వాళ్ళమ్మ దగ్గరే ఉండేవాడు, సాయంత్రం ఐదుకల్లా ఇంటికి రాకపోతే ఆవిడ ఊరుకునేది కాదట. లొరైన్ తలుపు కింద నుంచి మూడు చీటీలు వేసింది. పదకొండు రోజులు ఆగింది. పన్నెండో రోజు పోలీసులను పిలిచింది. ఆ తర్వాత ఇరుపక్షాలూ ఈ వరండాలోనే కూర్చుని ఒప్పందం చేసుకున్నాయి: ఐదు లోపు వాయించాలంటే శబ్దం తగ్గేలా డ్రమ్ముల మీద గుడ్డ కప్పాలి. సరిగ్గా కప్పిన వారానికి బేకరీలో మిగిలిన రొట్టెలు ఒక సంచీడు.

"బాగా వాయించేవారా?" అని అడిగాను.

"లేదు. చాలా ఘోరం. తర్వాత నేర్చుకున్నారని విన్నాను."

ఒక్కరి మాట మీద వార్త రాయకూడదు కాబట్టి లైబ్రరీకి వెళ్ళి, ఆ పేటకు అప్పట్లో వచ్చిన వారపత్రిక పాత సంచికలు తిరగేశాను. పోలీసులకు అందిన ఫిర్యాదుల జాబితా అందులో వేసేవారు. మూడు మధ్యాహ్నాలు పట్టింది. దొరికింది: ఆ వీధి పేరు, డ్రమ్ముల శబ్దం, మధ్యాహ్నం రెండు దాటి పది నిమిషాలు.

గ్రెగ్

నేను చూసిన యజమానుల్లో గ్రెగ్ మంచివాడే. వాన పడితే తానే గొడుగులు మోసుకొచ్చేవాడు. ఒకప్పుడు బేస్ గిటారు వాయించేవాడు, ఏ బ్యాండూ నిలవలేదు. అలాంటివాళ్ళకు ఇతరుల విజయం గురించి చెప్పే వ్యాపారం చేయడానికి ఓర్పు కావాలి. అతనికి ఉండేది. నిజాల విషయంలో మాత్రం అతని లెక్క వేరు. దొరికినదంతా చూపించి, కథ మార్చేద్దామన్నాను.

"అర్ధరాత్రి అంటే రాక్. మధ్యాహ్నం రెండింటికి అంటే ట్యూషన్" అన్నాడు. "నాలుగో స్టాపు నుంచి ఐదో స్టాపుకు పదకొండు నిమిషాలు గుట్ట ఎక్కాలి. ఆ నవ్వు లేకపోతే సగంమంది అక్కడి నుంచే కాఫీకి పోతారు."

"ఆవిడ లోపల కూర్చుని వింటోంది గ్రెగ్."

"పాపం. కానీ ఆ కథ నువ్వే కదా కట్టావు."

అది నిజం. అందుకే వాదన నెగ్గలేదు. నా టూర్లలో అరుపు మానేశాను. ఫలితం వెంటనే తెలిసింది. "గైడ్ మర్యాదస్తుడు. మా కజిన్ చెప్పిన అరుపు మాత్రం లేదు" అని ఒకరు రాశారు. కొందరు ఆ స్టాపు దగ్గర నన్ను అడిగి మరీ అరవబోయేవారు. నా టూరు లేని రోజుల్లో కెవిన్ అనే గైడ్ నా కథే చెప్పి, నాకంటే బాగా అరిపించేవాడు. తప్పు వార్త మన పేజీలోంచి తీసేసినంత మాత్రాన పోదు, పక్క పేపరు ఎత్తుకుంటుంది.

అప్పుడు లొరైన్ దగ్గరకు వెళ్ళి, మా యజమానిని ఒకసారి కాఫీకి పిలవమన్నాను. ఆవిడ నా మొహం వంక చూసి ఎందుకని అడగలేదు.

"ఒకటిన్నరకు రమ్మను" అంది. "కుర్చీ వీధి వైపు వేస్తాను."

గ్రెగ్ నాతో పాటు వచ్చాడు. ఎండ రోజు. ఆవిడ చేసిన దాల్చినచెక్క రొట్టె తిని, పేటలో అద్దెల గురించి హాయిగా మాట్లాడుతున్నాడు. రెండింటికి కెవిన్ గుంపును తీసుకుని వచ్చాడు. వెనక్కి నడుస్తూ, మా వైపు వీపు పెట్టి. రోలర్లు, చీపురు, పిల్లి అన్నీ చెప్పాడు. వెనక్కి చెయ్యి చాపి, ఒకటి, రెండు, మూడు అన్నాడు.

ఇరవై రెండుమంది, వరండాలో కప్పు పట్టుకుని కూర్చున్న గ్రెగ్ మొహం మీద అరిచారు. ముందు వరసలో ఒకావిడ బొటనవేలు కిందకు దించి మరీ చూపించింది.

గుంపు నవ్వు తేడాగా వినబడి కెవిన్ వెనక్కి తిరిగాడు. యజమానిని చూశాడు. నాలుగో స్టాపులో చెప్పాల్సింది ఇంకా ఉన్నా, "సరే, ఐదో స్టాపు" అని అందరినీ పైకి తోలుకుపోయాడు.

లొరైన్ ఇంకో ముక్క రొట్టె గ్రెగ్ ప్లేటులో పెట్టింది.

"నా బ్యాండును ఒక బార్‌లో ఇలాగే అరిచి స్టేజీ దింపేశారు" అన్నాడు గ్రెగ్. "చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. అది మర్చిపోయాను."

"నాకు అలవాటైంది. లోపలికి వెళ్ళిపోతాను" అంది లొరైన్.

మెట్లు దిగుతూ నాతో, "తీసేయ్. అందరి స్క్రిప్టులోనూ" అన్నాడు.

సవరణ

పత్రికల్లో ఒక దురలవాటుంది. తప్పు మొదటి పేజీలో వేసినా, సవరణ లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో వేస్తాం. నేను అలా చేయదలచుకోలేదు. తప్పు ఎక్కడ నిలబడి చెప్పానో అక్కడే నిలబడి, కొత్త కథ చెప్పడం మొదలుపెట్టాను. ఏం ఉండాలో లొరైన్ నిర్ణయించింది. పోలీసులు ఉండాలి, ఎందుకంటే అది నిజం, మళ్ళీ అయినా పిలుస్తాను అంది. బేకరీ ఉండాలి. మధ్యాహ్నం రెండు ఉండాలి. వాళ్ళు ఘోరంగా వాయించేవారన్నది తప్పకుండా ఉండాలి. అభిమానులు నొచ్చుకుంటారని గ్రెగ్ అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు.

తీరా చెబితే అభిమానులకు అదే నచ్చింది. గొప్పవాళ్ళు పుట్టుకతో గొప్పగా వాయించారంటే మనకు మిగిలేదేముంది? మూడు చీటీలూ, గుడ్డ కప్పిన డ్రమ్ములూ, రొట్టెల సంచీ వింటూ జనం గుట్ట ఎక్కేవారు. కాఫీకి పోయినవాళ్ళు ఉన్నారు, ముందు కూడా ఉండేవారు.

లొరైన్ మాత్రం వెంటనే బయటకు రాలేదు. ఆరేళ్ళ అలవాటు స్క్రిప్టు మార్చినంత తేలికగా మారదు. ఒంటి గంటకు కుర్చీ వేసేది, రెండుకు ఐదు నిమిషాల ముందు కప్పు తీసుకుని లోపలికి వెళ్ళిపోయేది. మేం వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉండేది. కొన్ని వారాలు అలాగే గడిచాయి. బయటే కూర్చోమనడానికి నాకేం హక్కుంది?

ఏప్రిల్‌లో ఒక రోజు వానలన్నీ అయిపోయి ఎండ వచ్చింది. పద్దెనిమిదిమంది గుంపు. ఆ స్టాపు దగ్గర జనానికి కాదు, ఇంటికి ఎదురుగా నిలబడటం అప్పటికి అలవాటు చేసుకున్నాను. నోరు తెరవబోతూ చూశాను. కుర్చీలో లొరైన్ ఉంది. తల పక్కకు వాలింది, నోరు కొంచెం తెరుచుకుంది. మోకాళ్ళ మీద పత్రిక, పాదాల దాకా ఎండ. మంచి నిద్రలో ఉంది.

నేను వేలు పెదవుల మీద పెట్టుకున్నాను. ఎవరికీ ఏమీ తెలియదు, కథ ఇంకా చెప్పలేదు కదా. అయినా పద్దెనిమిదిమందీ నోళ్ళు మూసుకున్నారు. నల్ల టీషర్టు మనిషి ఒకడు జేబులో తాళాలు మోగకుండా చేత్తో పట్టుకున్నాడు. బరువైన బూట్ల వాళ్ళు మునివేళ్ళ మీద నడిచారు. పసుపు ఇంటిని అలా దాటాం.

నాలుగో స్టాపులో చెప్పాల్సినదంతా, గుట్ట పైకి వెళ్ళి, మలుపు తిరిగాక చెప్పాను.